నిర్వికారంగా సొమ్ము తీసికొను విధానము

గోగులంక పరస్పర సహకార బ్యాంకులో డబ్బు వేయడం ఎప్పుడూ కష్టం కాలేదు. తీసుకోవడం కూడా మొన్న ఆషాఢం దాకా కష్టం కాదు. చీటీ రాసి, సంతకం పెట్టి, టోకెన్ తీసుకుని, ఫ్యాను కింద చోటు దొరికితే కూర్చుని, పిలిచినప్పుడు లేచి వెళ్తే క్యాషియర్ ధర్మారావు డబ్బు చేతిలో పెట్టేవాడు. ఎందుకు తీసుకుంటున్నారని ఆయన అడిగేవాడు కాదు. అడగకపోయినా జనమే చెప్పేవారు.

ఆషాఢంలో బ్యాంకు చైర్మన్, మేనేజరు విశ్వపతి కలిసి కొండ మీద ఊరిలో జరిగిన ఒక సదస్సుకు వెళ్లారు. సదస్సు పేరు ‘ధనము, మనసు’. అక్కడ మాట్లాడిన ఒకాయన చెప్పిన సారాంశం ఇది: మనిషి డబ్బుతో చేసే తప్పులు ఎక్కువగా మనసు బాగోలేనప్పుడో, మరీ బాగున్నప్పుడో చేసేవే. కోపంలో ఖర్చు పెడతాడు, దిగులుగా ఉంటే ఖర్చు పెడతాడు, సంతోషం వస్తే అప్పు తెచ్చి ఖర్చు పెడతాడు. అలాంటివాళ్లకు నాలుగు మాటలు చెప్పే మనిషి పక్కన ఉంటే మంచిది.

ఈ మాటల్లో తప్పేమీ లేదు. ఆయన అక్కడితో ఆపారు. మన వాళ్లు ఆపలేదు. తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు దిగుతూ విశ్వపతి దాన్ని తీర్మానంగా రాశారు. కారు ఊరు చేరేసరికి చైర్మన్ సంతకం పెట్టారు.

“ఖాతాదారుల మానసిక క్షేమము దృష్ట్యా, ఏ ఖాతాదారుడు గాని, ఖాతాదారురాలు గాని భావావేశమునకు లోనై యున్న స్థితిలో తమ ఖాతా నుండి సొమ్ము తీసికొనుటకు అనుమతింపబడరు. నిర్వికార స్థితిలో ఉన్నట్లు ధ్రువీకరణ పొందిన వారికి మాత్రమే సొమ్ము చెల్లింపబడును” అన్నది ఆ తీర్మానం.

లాకర్ల గది పక్కన పాత రికార్డులు పెట్టుకునే గది ఉండేది. రికార్డులు మేడ మీదికి చేర్చి, గోడలకు లేత నీలం రంగు వేసి, రెండు కుర్చీలు, ఒక కాగితపు రుమాళ్ల డబ్బా పెట్టారు. సీసాలో మనీప్లాంటు పెట్టారు. తలుపు మీద ‘ధనభావ పరామర్శ కేంద్రం’ అని బోర్డు తగిలించారు. మొదటి రోజున పింఛను కోసం వచ్చిన బుల్లెమ్మ ఆ బోర్డు చదివించుకుని, చెప్పులు బయట విడిచి, లోపలికి వెళ్లి, “ఎవరు పోయారమ్మా?” అని అడిగింది.

లోపల కూర్చున్నది మృణాళిని. హైదరాబాదు నుంచి వచ్చింది. డబ్బుకూ మనసుకూ మధ్య సంబంధం మీద ఏడాది పాటు చదువుకుని డిప్లొమా పుచ్చుకుంది. తన పని తాను నమ్మే మనిషి. ఎవరు ఏం చెప్పినా ఓపిగ్గా వినేది. విన్నది నిజాయితీగా రాసేది. గోగులంకకు వచ్చిన చిక్కు అదే.

యాళ్ళ వీరవేణి సినిమా హాలు ఎదురుగా ఇడ్లీ బండి నడుపుతుంది. వాన వస్తే పొయ్యి ఆర్పి, గిన్నెల మీద పట్టా కప్పి, భర్త సూరిబాబు ముందు లాగుతుంటే తాను వెనక నుంచి నెడుతూ బండిని హాలు వరండాలోకి చేర్చాలి. శ్రావణంలో బస్టాండు పక్కన పాపారావు గది ఖాళీ అయింది. పైకప్పు ఉంది, నీళ్ల కుళాయి ఉంది. అడ్వాన్సు లక్షా అరవై వేలు. ఆ డబ్బు వీరవేణి ఖాతాలో ఉంది. పాపారావు వినాయక చవితి ముందు శనివారం సాయంత్రం ఐదింటి దాకా గడువు ఇచ్చాడు. అది దాటితే గది సెల్‌ఫోన్ల వ్యాపారికి పోతుంది. అతను అప్పటికే వచ్చి గోడలు కొలుచుకుని వెళ్లాడు.

వీరవేణి మరుసటి ఉదయమే బ్యాంకుకు వెళ్లింది. ధర్మారావు చీటీ తీసుకోకుండా నీలం గది వైపు చూపించాడు.

“కూర్చోండి” అంది మృణాళిని. “ఈ డబ్బు గురించి ఆలోచిస్తే మీకు ఒంట్లో ఎక్కడ, ఏమనిపిస్తోంది?”

“మోకాళ్ళల్లోనండి” అంది వీరవేణి. “నిలబడి నిలబడీ పట్టేసినియ్యి.”

“అది కాదండీ. మనసులో.”

“మనసులోనా? అయ్ బాబోయ్, చెప్పలేనండి. రాత్రి నిద్దరే పట్టలేదు. వానొత్తే బండి తోసుకుంటా పరిగెత్తక్కర్లేదు కదండీ ఇంక. లోపల నాలుగు బల్లలేత్తాం. జనం కూచుని తింటారు. నా ఇడ్లీ కూచుని తింటే ఎలా ఉంటదో ఒక్కళ్ళకీ తెలీదండి ఈ ఊళ్ళో.”

మృణాళిని కళ్లు కూడా మెరిశాయి. కానీ రాయవలసింది రాసింది. ‘ఉల్లాసాతిరేకం. నిర్ణయ సామర్థ్యంపై ప్రభావం చూపవచ్చు. అనుమతి లేదు.’

“మీ సంతోషం కాస్త తగ్గాక రండి” అని చెప్పింది.

“ఎప్పటికి తగ్గుద్దండి?”

“మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది.”

అంతసేపు పట్టలేదు. గుమ్మం దాటేలోపే తగ్గింది. వీరవేణి వెనక్కి తిరిగి అదే కుర్చీలో కూర్చుంది. “తగ్గిందండి. పూర్తిగా పోయింది. నా డబ్బు నాకియ్యడానికి ఈ గోలేంటండి? ఎండలో పొయ్యి దగ్గర మాడింది నేనా, మీ మేనేజరు గారా?”

‘ఆగ్రహం’ అని రాసింది మృణాళిని.

మూడోసారి వీరవేణి నేర్చుకుని వచ్చింది. చేతులు ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. ఏమడిగినా “ఏం లేదండి” అంది. మృణాళిని చాలాసేపు గమనించి, “మీరు లోపల చాలా దాచుకుంటున్నారు” అంది జాలిగా. ‘అణచివేత’ అని రాసింది.

ఆ సాయంత్రం వీరవేణి భర్తను పిలిచింది. ఖాతా ఇద్దరి పేర్ల మీదా ఉంది. సూరిబాబు ముఖంలో ఏ భావమూ కనిపించదని ఊరందరికీ తెలుసు. పెళ్లిలో ఫొటోలు తీసినవాడు ఆయన్ని నవ్వించబోయి రీలు వృథా చేసుకున్నాడు.

“నువ్వెళ్ళు రేపు. నీ మొహానికి వెంటనే ఇచ్చేత్తారు” అంది.

సూరిబాబు వెళ్లాడు.

“ఈ డబ్బు గురించి ఏమనిపిస్తోంది?” అని మృణాళిని అడిగింది.

“ఏం అనిపించట్లేదండి.”

“కొత్త గది?”

“గదేనండి.”

మృణాళిని కలం మూత తీసింది. కేంద్రం పెట్టాక మొదటి ధ్రువీకరణ పత్రం అదే అయ్యేది. ఆఖరి ప్రశ్న ఒక్కటి మిగిలింది. “ఒకవేళ ఈ డబ్బు ఇవాళ రాకపోతే?”

సూరిబాబు తలుపు వైపు చూశాడు. తలుపు అవతల వీరవేణి ఉంది.

‘భయం’ అని రాసింది మృణాళిని.

ఇదంతా వీరవేణి ఒక్కదానికి జరిగింది కాదు. కూతురి పురుటికి డబ్బు తీయబోయినవాళ్లకు ఆందోళన ఉందని తేలింది. పొలం కౌలు కట్టబోయినవాళ్లకు ఆశ ఉంది. పాల కేంద్రం నడిపే గణపతి తన పుట్టినరోజున వెళ్లాడు. అదే ఆయన పొరపాటు.

ఒకే ఒక్కడు నెగ్గాడు. కొబ్బరికాయల వ్యాపారి ఒకతను పక్క సందులో పళ్ల డాక్టరు దగ్గర దవడ పన్ను పీకించుకుని నేరుగా బ్యాంకుకు వచ్చాడు. మత్తు సూది ప్రభావం ఇంకా దిగలేదు. ముఖం కదలలేదు, మాట పెగల్లేదు. ప్రతి ప్రశ్నకూ తల మాత్రం ఊపాడు. పత్రం వచ్చింది. మరుసటి రోజు పళ్ల డాక్టరు దగ్గర క్యూ వీధి మలుపు దాకా వచ్చింది. “పన్ను పీకను, సూది మాత్రం వేస్తాను, ఫీజు అదే” అని ఆయన బోర్డు రాసి పెట్టాడు. ఆ సాయంత్రానికి బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది. “దంత వైద్యము లేక ఇతర వైద్యముల వలన కలిగిన నిశ్చలత్వము నిర్వికార స్థితిగా పరిగణింపబడదు” అని అందులో ఉంది.

బయటికి డబ్బు వెళ్లకపోవడంతో డిపాజిట్లు పెరిగాయి. జిల్లా సహకార బ్యాంకుల సమాఖ్య ఒక షీల్డు ఇచ్చింది. ఆ సందర్భంగా విశ్వపతి విలేకరులకు టీ ఇచ్చి మాట్లాడారు.

“మా ఖాతాదారులలో ధనము పట్ల ఒక పరిణతి వచ్చినది” అన్నారు. “అనవసరమైన ఉపసంహరణలు దాదాపు శూన్య స్థాయికి తగ్గినవి.”

“అవసరమైనవి?” అని ఒక విలేకరి అడిగాడు.

“అవి కూడా.”

“జనం ఇబ్బంది పడుతున్నారు కదండీ?”

“ఇబ్బంది కూడా ఒక భావమే కదా” అన్నారు విశ్వపతి. “అందుకే మనము పరామర్శిస్తున్నాము.”

అయినా పాలకవర్గానికి అర్జీలు వెళ్లాయి. పాలకవర్గం కూర్చుని ఒక సవరణ చేసింది. డబ్బు మీద సొంతదారుకు భావం ఉండటం సహజం కాబట్టి, సొంతదారు తరఫున ఏ భావమూ లేని మూడో మనిషి వచ్చి తీసుకోవచ్చు. అతన్ని ‘తటస్థ ప్రతినిధి’ అంటారు. షరతు ఒక్కటే. అతనికి ఆ డబ్బుతో గాని, ఖాతాదారుతో గాని ఎలాంటి మమకారమూ, ద్వేషమూ, బంధుత్వమూ ఉండకూడదు.

సవరణ రాసినవాళ్లంతా గోగులంకలో పుట్టినవాళ్లే. అయినా ఆలోచించలేదు. ఆ ఊళ్లో ఇద్దరు మనుషులు ఒక బల్ల మీద కూర్చుంటే టీ చల్లారేలోగా వరస కలుస్తుంది. కలవకపోతే కలుపుతారు. వరస లేకుండా పక్కన కూర్చున్న మనిషిని ఏమని పిలవాలో వాళ్లకు తెలియదు.

వీరవేణి బస్టాండుకు వెళ్లి, అప్పుడే బస్సు దిగిన ఒక మనిషిని పట్టుకుంది. పాలకొల్లు అవతల ఊరు. ఎరువుల కంపెనీ పని మీద వచ్చాడు. గోగులంకలో ఎవరూ తెలియదన్నాడు. అతన్ని బ్యాంకుకు తెచ్చి టోకెన్ తీసుకుంది. పక్క బల్ల మీద బుల్లెమ్మ ఉంది. బుల్లెమ్మ పింఛను ‘దిగులు’ కింద ఆగిపోయి అప్పటికి చాలా రోజులైంది. రోజూ వచ్చి కూర్చుంటోంది.

“ఏ ఊరు బాబూ మీది?” అంది బుల్లెమ్మ.

“పెద్దమ్మా, నువ్వు మాట్టాడకు” అంది వీరవేణి. “ఈయనకి మనం ఎవరమూ కాదు. అలాగే ఉండనియ్యి.”

“ఊరి పేరు అడిగితే ఏం పోద్దే? చెప్పు బాబూ.”

అతను చెప్పాడు.

“ఇంటిపేరో?”

“కడలి వాళ్ళమండి.”

“కడలోళ్ళా! సెంటర్లో రైసుమిల్లు ఉండేది, వాళ్ళా?”

“ఆ మిల్లు మా పెద్దనాన్న గారిదండి.”

“ఓరి నాయనా! మీ పెద్దమ్మ అక్క తోటికోడలు నాకు సొంత చిన్నాన్న కూతురు. నువ్వు నాకు కొడుకు వరసవుతావురా. చిన్నప్పుడు చూశాను, ముక్కు కారుతా ఉండేది.” బుల్లెమ్మ వీరవేణి వైపు తిరిగింది. “నీకు తమ్ముడే ఇతను. ఏంటలా చూత్తావు? పలకరించు.”

“నీకో దణ్ణం పెద్దమ్మా!” అంది వీరవేణి. “నీ నోట్లో ఏదన్నా కుక్కుకుని కూచోలేవా కాసేపు?”

“మనిషిని పక్కన పెట్టుకుని అడక్కుండా ఎలా ఉంటామే? మనుషులం కామా?”

టోకెన్ పిలిచారు. అతను లోపలికి వెళ్లి, “అక్క డబ్బు ఇప్పించండి” అన్నాడు.

ఈసారి వీరవేణి జాగ్రత్తపడింది. హైవే మీద టైరు పంచరై ఆగిన ఒక లారీ డ్రైవర్ని తెచ్చింది. హర్యానా మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు. బుల్లెమ్మను అవతలి మూల కూర్చోబెట్టి, మధ్యలో సూరిబాబును నిలబెట్టింది. క్యూ పెద్దది. మధ్యాహ్నం దాటింది. డ్రైవర్ పొద్దున్నుంచి ఏమీ తినలేదని వీరవేణికి అతని ముఖం చూస్తే తెలిసింది. కొంతసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత ఇంటికి వెళ్లి ఇడ్లీ వండి, అల్లం పచ్చడి వేసి తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

మృణాళిని హిందీలో అడిగింది. బయట ఆమె ఎవరు?

చెల్లెలు, అని చెప్పాడు డ్రైవర్.

సూరిబాబు జీవితంలో మొదటిసారి ముఖం చిట్లించాడు. “ఇడ్లీ ఎందుకు పెట్టేవే?”

“పెట్టకపోతే? ఆకలేసినోడు ఎదురుగా కూచుంటే, ఎవరమూ కాము కదాని చూత్తా కూచోమంటావా? ఆ పని నావల్ల కాదు. ఆ గది పోతే పోయింది.”

అలా అంది గాని, ఆ రాత్రి పప్పు రుబ్బుతూ ఆమె ఆ గదిలో నాలుగు బల్లలు ఎలా వెయ్యాలో మళ్లీ లెక్కేసుకుంది. మర్నాడే శనివారం.

శనివారం పొద్దున్న వాన. బండి తీయలేదు. మధ్యాహ్నానికి బ్యాంకు హాలు నిండిపోయింది. ఊళ్లో ఎవరికీ తటస్థ ప్రతినిధి దొరకలేదు. పళ్ల డాక్టరు మూడో బల్ల మీద దిగులుగా కూర్చుని ఉన్నాడు. ఆయన డబ్బూ అక్కడే ఉంది. గొడవ జరుగుతుందన్న సమాచారం మీద చైర్మన్ వచ్చారు. విలేకరులు వచ్చారు. విశ్వపతి తన గదిలోంచి బయటికి వచ్చి చేయి ఎత్తారు.

“సహోదర సహోదరీమణులారా! విధానములో లోపము లేదు. ఆచరణలోనే ఉన్నది. తటస్థ వ్యక్తి దొరకుట లేదని మీరు అంటున్నారు. మీ ఎదుటనే ఉన్నాడు. ముప్పది సంవత్సరములుగా పరుల సొమ్మును చేతులతో తాకుచున్నవాడను. నాకు ధనము గడ్డిపరకతో సమానము. ఈ దినము మొదటి ఉపసంహరణకు నేనే తటస్థ ప్రతినిధిని.”

చైర్మన్ చప్పట్లు కొట్టారు. విలేకరులు ఫోన్లు పైకెత్తారు.

“టోకెన్ ఎవరిది?” అన్నారు విశ్వపతి.

“నాదేనండి అన్నయ్య గారూ” అంది వీరవేణి.

“అన్నయ్య అనవలదు. కార్యాలయ వేళలలో నేను ఎవరికీ ఏమీ కాను.”

ధర్మారావు కట్టలు తెచ్చి మేనేజరు చేతుల్లో పెట్టాడు. మృణాళిని నియమం ప్రకారం పక్కన నిలబడింది. విశ్వపతి నాలుగడుగులు వేసి, వీరవేణి ముందు ఆగి, చేతులు చాచారు. వీరవేణి కట్టలు పట్టుకుంది. అవి రాలేదు.

ఆమె మెల్లగా లాగింది. రాలేదు.

“వదలండి అన్నయ్య గారూ.”

“వదులుచున్నాను” అన్నారు విశ్వపతి. వదల్లేదు. ఆయన వేళ్లు తెల్లబడ్డాయి.

మృణాళిని ఆయన వైపు తిరిగింది. ఆమె గొంతు ఎవరితోనైనా ఒకలాగే ఉంటుంది. “సార్, ఈ డబ్బు వెళ్లిపోతుంటే మీకు ఏమనిపిస్తోంది?”

“ఏమియు అనిపించుట లేదు.”

“ఒంట్లో?”

విశ్వపతి చేతుల్లో ఉన్న కట్టల వైపు చూశారు. మాట్లాడినప్పుడు గ్రాంథికం పోయింది. “ఇక్కడ” అన్నారు గుండె వైపు గడ్డం వంచి. చేతులు ఖాళీ లేవు. “ఇక్కడ పట్టేసినట్టుంది. ఎన్నేళ్ళ నుంచో నా దగ్గరే పెరిగిందమ్మా ఇది. పది రూపాయలు, ఇరవై రూపాయలు, పచ్చడి మరకలతో వచ్చేది. చిన్నప్పట్నుంచీ చూశాను. మార్చి నెలాఖరున లెక్కలు తేలక నిద్ర పట్టకపోతే, ఇదుంది కదా అని ధైర్యం తెచ్చుకునేవాణ్ణి. ఇప్పుడు ఉన్నపళంగా పంపించెయ్యమంటే...”

ఆయన కళ్ల నుంచి నీళ్లు కారాయి. తుడుచుకోవాలంటే కట్టలు వదలాలి. వదల్లేదు.

మృణాళిని రాసింది. రాసింది పైకి చదివింది. “వియోగ భీతి. తీవ్రం. తీర్మానం ప్రకారం ఈ స్థితిలో ఉన్న వ్యక్తి సొమ్ము తీసుకోవడానికి తగడు. ఆ లెక్కన చెల్లించడానికి గాని, దగ్గర ఉంచుకోవడానికి గాని తగడు.”

చైర్మన్ ముఖం పాలిపోయింది. “దగ్గర ఉంచుకోవడానికి కూడానా? అమ్మా, అది బ్యాంకు!”

“తీర్మానంలో బ్యాంకుకు మినహాయింపు లేదు సార్.”

“చికిత్స ఏదైనా ఉన్నదా?”

“ఉంది సార్. కొంచెం కొంచెంగా విడిపోవడం అలవాటు చెయ్యాలి. మొదటి వారం ఒక నోటు...”

“వారమా!” అంది వీరవేణి. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. సూరిబాబు ఫోను మోగింది. పాపారావు. సెల్‌ఫోన్ల వ్యాపారి గది దగ్గరికి వచ్చి నిలబడ్డాడట.

అవతలి మూల నుంచి బుల్లెమ్మ లేచింది. మేనేజర్ని దగ్గరగా చూసింది. “ఏమే వేణీ, ఈయనకి జబ్బేంటే? ఆడపిల్లని పంపేటప్పుడు ఏ తండ్రైనా ఇలాగే ఉంటాడు. లాక్కుంటే ఎవడిత్తాడు? అప్పగింతలు పెట్టాలి గాని. ఒరే సూరీ, టీ కొట్టుకెళ్ళి గిన్నెడు పాలట్టుకురా. నీళ్ళు కలపనియ్యి ఇమ్మను.”

ఇది పద్ధతిలో ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. ఆ హాల్లో ఉన్నవాళ్లందరూ పెళ్లిళ్లలో అప్పగింతలు చూసినవాళ్లే. బల్లలు వెనక్కి జరిపారు. పాలు వచ్చాయి. ధర్మారావు కౌంటరులోంచి పరుగున వచ్చి, “నోట్లు తడపకండి బాబూ, తడిస్తే మిషను తీసుకోదు” అని, ఒక తువ్వాలు అడ్డం పెట్టాడు.

బుల్లెమ్మ తన చెయ్యి పాలలో ముంచి, కట్టలు పట్టుకున్న మేనేజరు వేళ్లు ఒక్కొక్కటే తడిపింది. ఆ చేతుల్ని కట్టలతో సహా వీరవేణి చేతుల్లో పెట్టింది.

“చెప్పు బాబూ, ఏం చెప్పుకుంటావో చెప్పుకో.”

“ఎండలో తిప్పకమ్మా” అన్నారు విశ్వపతి.

“తిప్పనండి.”

“గుప్పెట్లో పెట్టి నలపకు. ఇక్కడ ఇనప్పెట్టెలో పెరిగింది, ఎండా వానా తెలియదు.”

“నా కడుపులో పెట్టుకు చూసుకుంటానన్నయ్యా.”

“తొందరపడి ఎవరి చేతిలోనూ పెట్టెయ్యకు.”

“పాపారావు గారి చేతిలోనేనండి. అదీ ఐదింటిలోపు పెట్టాలండి.”

మొదటి కట్ట తువ్వాలు మీద పడింది. హాల్లో ఎవరో ముక్కు చీదారు. రెండో కట్ట దగ్గర చైర్మన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకు ముగ్గురు కూతుళ్లు. మృణాళిని తన కాగితపు రుమాళ్ల డబ్బా తెచ్చి అందరికీ పంచి, చివరిది తాను తీసుకుంది. అది బుల్లెమ్మ చూసింది.

“ఏ ఊరమ్మా మీది?” అంది.

“మా తాతగారిది రాజోలండి” అంది మృణాళిని ముక్కు తుడుచుకుంటూ.

“రాజోలా! ఇంటిపేరు చెప్పు.”

ఆఖరి కట్ట వదిలినప్పుడు గడియారంలో ఐదుకు ఎక్కువ సమయం లేదు. వీరవేణి డబ్బు కొంగులో మూటగట్టి, మేనేజరు కాళ్లకు దణ్ణం పెట్టి పరుగెత్తింది. సూరిబాబు వెనక పరుగెత్తాడు. వాన పడుతూనే ఉంది. బస్టాండు దగ్గర పాపారావు గది ముందు సెల్‌ఫోన్ల వ్యాపారి చేతి గడియారం చూసుకుంటున్నాడు. వీరవేణి అతని మోచేతి కింద నుంచి దూరి మూట పాపారావు చేతిలో పెట్టింది. పాపారావు లెక్కపెట్టి, రెండో కట్ట వాసన చూసి, “పాల వాసనొత్తందేంటి?” అన్నాడు. తాళం చెవి ఇచ్చాడు.

సోమవారం పాలకవర్గం అత్యవసరంగా సమావేశమైంది. తీర్మానాన్ని రద్దు చేస్తారని ఊరు అనుకుంది. రద్దు చేస్తే షీల్డు వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది. అందుకని విస్తరించారు. “ఇకపై ప్రతి ఉపసంహరణ సందర్భమునను, బ్యాంకునకు కలుగు వియోగ బాధ నివారణార్థము, సాంప్రదాయక అప్పగింతల ప్రక్రియ జరుపబడును. పాలు ఖాతాదారులే తెచ్చుకొనవలెను. పాడి రైతులకు రాయితీ లేదు.” ఖాతాదారుల భావాల మాట అందులో లేదు. ఆ సంగతి ఎవరూ గుర్తు చేయలేదు. బుల్లెమ్మను ఈ ప్రక్రియకు గౌరవ పర్యవేక్షకురాలిగా నియమించారు. ఆమె పింఛను ఆ రోజే వచ్చింది. ఇప్పుడు గోగులంకలో డబ్బు తీసుకోవాలంటే గిన్నెడు పాలు, పావుగంట సమయం చాలు.

చవితి వెళ్లాక వీరవేణి గది తెరిచింది. నాలుగు బల్లలు వేసింది. మొదటి రోజు జనం బాగానే వచ్చారు. మర్నాడు పొద్దున్నే విశ్వపతి వచ్చారు. ఒక చేతిలో అరటిపళ్లు, సున్నుండల పొట్లం. ఇంకో చేతిలో బ్యాంకు క్యాలెండరు. ఇలా పట్టుకుని వెళ్లేదాన్ని ఆ ఊళ్లో సారె అంటారు.

“ఎలా ఉంది?” అని అడిగారు. ఎవరి గురించో వీరవేణికి అర్థమైంది. పైకప్పు చూపించింది. కుళాయి తిప్పి చూపించింది. బల్లల మీద కూర్చుని తింటున్న మనుషులను చూపించింది. బయట చినుకులు పడుతున్నాయి. ఎవరూ లేవలేదు.

“బాగా చూసుకుంటున్నావమ్మా” అన్నారాయన.

“కూచోండన్నయ్యా. వేడిగా రెండిడ్లీ తినండి.”

విశ్వపతి రెండు చేతులూ అడ్డంగా ఊపారు. “అమ్మమ్మా, తినకూడదు. ఆడపిల్లనిచ్చిన ఇంట్లో మనవడు పుట్టేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు.”

వీరవేణి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నిజంగానే అంటున్నారు. ఆమె గల్లాపెట్టె దగ్గరికి వెళ్లి, నిన్నటి లాభం తీసి, పది రూపాయల నోట్లన్నీ సాపు చేసి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“ఇడుగో అన్నయ్యా, మనవడు. నిన్నే పుట్టాడు. తీసుకెళ్ళి ఖాతాలో వెయ్యండి.”

విశ్వపతి ఆ చిన్న కట్టను రెండు చేతులతో అందుకున్నారు. పచ్చడి మరక చూశారు. చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, పైన చేయి వేసుకుని, బల్ల ముందు కూర్చున్నారు. ఇడ్లీ వచ్చాక కారప్పొడి కూడా వెయ్యమన్నారు.